పెరిగిన ధర ఎవరి చేతికి? బౌరంపేట చుట్టుముట్టు భూమి, కులం, అభివృద్ధి

గండిమైసమ్మ చౌరస్తా నుంచి మియాపూర్ దిక్కు పోయే తోవలో బౌరంపేట తగులుతుంది. ఇవాళ ఆ తోవ పొడుగునా విల్లాల గేట్లు, అపార్ట్‌మెంట్ల బోర్డులు, ప్రైవేటు స్కూళ్ల బస్సులు. కొంచెం ఎడంగా ఔటర్ రింగు రోడ్డు. ముప్పై నలభై ఏండ్ల కింద ఈ మేడ్చల్, కుత్బుల్లాపూర్, శామీర్‌పేట పట్టీలో ద్రాక్ష పందిళ్లు, కోళ్ల ఫారాలు, జొన్న చెల్కలు ఉండేవి. ఊరు మారిందా అని ఎవరినడిగినా మారిందనే చెప్తారు. వాడ ఎంత మారిందని అడిగితే మాత్రం జవాబు అంత తొందరగా రాదు.

ఆర్థిక పెరుగుదల ఉంటే పేదరికం దానంతట అదే తగ్గుతుందన్న మాట మనం చాలాకాలంగా వింటున్నాం. 1990లో ప్రపంచ బ్యాంకు తన ప్రపంచ అభివృద్ధి నివేదికను పూర్తిగా పేదరికానికే కేటాయించింది. చేతులకు పని దొరికే రకం పెరుగుదల ఒకటి, పేదలకు చదువు వైద్యం రెండు, ఈ రెండూ కలిస్తే వెనుకబడిన దేశాల్లో పేదరికం పోతుందని చెప్పింది. మరుసటేడే మన దేశం సరళీకరణ బాట పట్టింది. 1998లో ఆంధ్రప్రదేశ్ ఆర్థిక పునర్నిర్మాణానికి ప్రపంచ బ్యాంకు అప్పు వచ్చింది. 1999లో విజన్ 2020 పత్రం వచ్చింది. ఇవన్నీ పేదల గురించి చాలా మాట్లాడాయి. కానీ భూమి ధర పెరిగిన రోజున ఆ భూమి ఎవరి పేర ఉంటుందన్న ప్రశ్నను మాత్రం నడిమిట్లకు తేలేదు.

ఈ వ్యాసం ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది. మహానగరం పక్కనున్న ఊళ్లో పెరుగుదల అంటే అన్నిటికంటే ముందు భూమి ధర పెరగటమే. ధర పెరిగిన రోజు పట్టా ఎవరి పేర ఉంటే ఫలం వాళ్లది. మరి దళితుల చేతికి వచ్చిన పట్టా ఎట్లాంటిది? దాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ షరతులతో ఇచ్చారు? ఇది చూడకుండా పేదరికం శాతాలు మాట్లాడితే చరిత్రను సగంలో ఆపినట్టే. ఇక్కడ చెప్పేది బౌరంపేట ఒక్క ఊరి ముచ్చటే కాదు. హైదరాబాద్‌కు ఉత్తరాన ఉన్న శివారు పట్టీ మొత్తం నడిచిన దారి ఇది.

చాకిరీకి ముడిపెట్టిన భూమి

నిజాం జమానాలో హైదరాబాద్ చుట్టూ ఉన్న ప్రాంతాన్ని అత్రాఫ్ బల్దా జిల్లా అనేవాళ్లు. మేడ్చల్ అందులో ఒక తాలూకా. ఆ జిల్లాలో ఎక్కువ భాగం సర్ఫెఖాస్, అంటే నిజాం సొంత ఖజానాకు ఆదాయం పోయే భూములు. మిగతావి పాయిగాలు, జాగీర్లు, ఇనాములు. శిస్తు ఎవరి ఖజానాకు పోయినా ఊళ్లో పెత్తనం మాత్రం పటేల్ పట్వారీలదే. ఎవరి పేరు ఏ గట్టు దాకా రాయాలో నిర్ణయించే కలం వాళ్ల చేతిలో ఉండేది.

మాల మాదిగలకు భూమితో సంబంధం ఉండేది చాకిరీ ద్వారా. చెరువు తూము చూసుకునే నీరడి, ఊరి కావలి కాసే సేత్‌సింధి, సర్కారు మూటలు మోసే బేగరి. ఈ పనులకు బదులుగా చిన్న చిన్న ఇనాం చెక్కలు ఉండేవి. బలూత ఇనాములదీ ఇదే తీరు. చాకిరీ నడిచినంత కాలమే భూమి. ఆ చెక్క కూడా లేనివాళ్లు భగేలాలు. తండ్రి తెచ్చిన అప్పుకు కొడుకు దొర గడీలో ఏండ్లకేండ్లు పని చేసేవాడు. 1936లో నిజాం సర్కారు భగేలా ఒప్పందాల మీద ఒక రెగ్యులేషన్ తెచ్చింది. కానీ ఊళ్లలో దాన్ని అమలు చేయాల్సిన వాళ్లు, భగేలాలను పెట్టుకున్న వాళ్లు ఒకే వర్గం మనుషులు. ఫలితం ఎట్లా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

అదే కాలంలో పక్కనే ఉన్న నగరంలో ఆది హిందూ ఉద్యమం నడుస్తున్నది. భాగ్యరెడ్డి వర్మ 1911లో మన్య సంఘం పెట్టాడు. అరిగె రామస్వామి, బి.ఎస్. వెంకట్రావు, బి. శ్యాంసుందర్ వంటి వాళ్లు తలా ఒక దారిలో బడులు, సంఘాలు, రాజకీయ హక్కుల కోసం పనిచేశారు. 1931 జనాభా లెక్కల్లో హైదరాబాద్ రాజ్యంలో ఆది హిందువులన్న పేరు ఎక్కింది. ఇది చిన్న విషయం కాదు. మనుషులుగా పేరు మార్చుకోవటం ఆత్మగౌరవ చరిత్రలో పెద్ద మలుపు. కానీ జనాభా లెక్కల్లో ఎక్కిన పేరు శివారు ఊళ్ల పట్వారీ దఫ్తరులో ఎక్కలేదు. ఆ పని మిగిలిపోయింది.

పోలీసు చర్య తర్వాత 1949లో సర్ఫెఖాస్ భూములు దివానీలో కలిశాయి. అదే ఏడు జాగీర్లు రద్దయ్యాయి. 1950లో హైదరాబాద్ కౌల్దారీ చట్టం వచ్చింది. తెలంగాణ భూ చరిత్రలో ఇంత పెద్ద మార్పు మరొకటి లేదు. అయితే ఈ మార్పు ఎవరిని గుర్తించింది? కౌలుకు దున్నినవాణ్ణి గుర్తించింది. రక్షిత కౌలుదారు అని రిజిస్టర్‌లో పేరు రాసింది. కౌలు దొరకటానికి కూడా ఎడ్లు ఉండాలి, నాగలి ఉండాలి, దొర నమ్మాలి. జీతగాడికి, ఎట్టి చేసేవాడికి, భగేలాకు ఆ రిజిస్టర్‌లో చోటు లేకపోయింది. దున్నేవాడికే భూమి అన్న నినాదంలో దున్నేవాడంటే కౌలుదారుడే అయ్యాడు. దున్నే కూలి కాలేదు.

1955 ఇనాముల రద్దు చట్టంలో ఇంకో సంగతి ఉంది. మన పరిశోధకులు దీన్ని ఇంకా సరిగ్గా పట్టించుకోలేదు. ఆ చట్టం ఇనాములను రద్దు చేస్తూనే కొన్నిటిని మినహాయించింది. ఊరికి, సర్కారుకు చాకిరీ చేసినందుకు ఇచ్చిన ఇనాములు అందులో ఉన్నాయి. సేత్‌సింధి, నీరడి, బలూత అని పేర్లు పెట్టి మరీ పక్కన పెట్టింది. పెద్ద ఇనాం భూముల్లో కాస్తు చేస్తున్నవాళ్లకు హక్కుదారులయ్యే తోవ దొరికింది. చాకిరీ ఇనాం మాత్రం చాకిరీతోనే ముడిపడి ఉండిపోయింది. తర్వాత ఎన్ని మార్పులు వచ్చినా, అందరూ రైతులవుతున్న ఆ మొదటి గడియలో దళితులు బయటనే నిలబడ్డారు.

ఈ మధ్యలోనే 1954-55 ఖాస్రా పహాణీ తయారైంది. ఇవాళ్టికి కూడా భూమి తగాదా వస్తే వకీలు మొదట అడిగేది ఆ పహాణీ నకలే. అందులో పేరు ఎక్కినవాడికి తాత ముత్తాతల భూమి ఉన్నట్టు. ఎక్కనివాడికి చరిత్రలోనే భూమి లేనట్టు.

పట్టా వచ్చింది, హక్కు రాలేదు

మరి దళితులకు భూమే రాలేదా? వచ్చింది. అది సర్కారు ఇచ్చిన భూమి. బంజరు, గైరాన్, గుట్ట వారల చెల్కలు. మనవాళ్లు లావణి పట్టా అంటారు. ఇది ఎవరి దయ వల్లనో రాలేదు. సాయుధ పోరాటం భూమి ప్రశ్నను ముందుకు తోసింది. 1951 ఏప్రిల్‌లో పోచంపల్లి దళితులు వినోబా ముందు నిలబడి అడిగింది భూమినే. ఆ అడగటం లేకపోతే భూదానమూ లేదు.

1958 జూలై 25న వచ్చిన 1406 నెంబరు జీవో ఈ పంపకానికి కొత్త షరతు పెట్టింది. భూమిలేని పేదకు సాగుకు ఇచ్చిన భూమిని పిల్లలు అనుభవించవచ్చు గానీ అమ్మరాదు. అంతకు ముందు ఇచ్చిన లావణి పట్టాల్లో చాలావాటికి ఈ షరతు లేదు. 1960లలో ఇంకో నిర్ణయం తోడైంది. జంటనగరాల చుట్టూ పది మైళ్ల లోపల సర్కారు భూమిని సాగు కోసం అసైన్ చేయటం ఆపేశారు. నగరానికి రేపు పనికొస్తుందని ఆ భూమిని దాచుకున్నారు. అంటే ఏ భూమి రేపు విలువ పెంచుకుంటుందో అది పేదకు రాకూడదు, విలువ పెరగని చోట ఇస్తే సరిపోతుంది. ఇట్లా ఎక్కడా రాయలేదు గానీ జరిగింది ఇదే.

1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. తొమ్మిదో నెంబరు చట్టం. దీని ఉద్దేశం మంచిదే. పేదలకు ఇచ్చిన భూమిని పెద్దలు కారుచౌకగా లాక్కుంటున్నారు, దాన్ని ఆపాలి. అమ్మకం చెల్లదు, కొన్నవాడి నుంచి భూమి తీసుకుని మళ్లీ పేదకే ఇవ్వాలి. మనం ఈ చట్టాన్ని తేలికగా కొట్టిపారేయకూడదు. అది లేకపోతే మిగిలిన కాస్త భూమి కూడా ఎప్పుడో పోయేది.

కానీ అమలు తీరు చూడండి. ఇచ్చింది రాళ్ల చెల్క. బోరు వేయాలంటే డబ్బు కావాలి. అమ్మటానికి వీల్లేని భూమిని కుదువ పెట్టుకుని అప్పిచ్చే బ్యాంకు ఏది? పక్కన పట్టాదారు ద్రాక్ష తోట పెట్టాడు. హైదరాబాద్‌కు పేరు తెచ్చిన అనాబెషాహి ద్రాక్ష ఈ పట్టీలోనే విస్తారంగా పండింది. ఆ తోటకు లోతైన బోర్లు, రాతి కడీలు, ఇనుప తీగ, మందులు, ఎరువులు కావాలి. అవన్నీ భూమీ పలుకుబడీ ఉన్న అగ్రకులాల రైతుల దగ్గర ఉన్నాయి. దళిత ఆడవాళ్లు ఆ తోటల్లో గుత్తులు కత్తిరించే కూలీలయ్యారు. తోటల బోర్లు నీళ్లను కిందికి గుంజుకుపోతే వాడ చేదబావులు ఎండాయి. ఒక కరువు, ఒక ఆస్పత్రి ఖర్చు, ఒక బిడ్డ పెండ్లి. తెల్ల కాగితం మీద సాదా బైనామా. భూమి పోయింది.

ఇక్కడ గుర్తు పెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. చట్టం అమ్మకాన్ని ఆపలేదు, అమ్మకానికి సరైన ధర రాకుండా ఆపింది. కొనేవాడు ఏమంటాడు? ఇది అసైన్డ్ భూమి, నా పేర మారదు, సర్కారు ఎప్పుడైనా గుంజుకోవచ్చు, కాబట్టి నీకు ఇంతే ఇస్తా. ఆ భయం ఖరీదంతా అమ్మినవాడి ధరలోంచే కోతపడింది. తర్వాత దఫ్తర్ల చుట్టూ తిరిగి దాన్ని ఎట్లా సక్రమం చేసుకోవాలో కొన్నవాడికి తెలుసు. అమ్మినవాడికి తెల్వదు. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను తీసేసింది. అది నిజంగా పెద్ద దెబ్బ. అయితే కలం చేతులు మారినా, దస్తావేజు మాత్రం పాతవాళ్లు రాసిందే నడిచింది.

ఫ్యాక్టరీ గేటు

పెరుగుదల ఊళ్లోకి వచ్చే రెండో తోవ ఉద్యోగం. ఈ విషయంలో ఉత్తర హైదరాబాద్ చరిత్ర మనకు ఒక మంచి పాఠం చెప్తుంది.

బాలానగర్ నుంచి నర్సాపూర్ రోడ్డు పట్టుకుని వస్తే 1960లలో పెట్టిన ప్రభుత్వ రంగ పరిశ్రమలు కనబడతాయి. సోవియట్ సాయంతో పెట్టిన ఐడీపీఎల్, దాని పక్కన చింతల్‌లో హెచ్ఎంటీ. దుండిగల్‌లో వేల ఎకరాల్లో వైమానిక దళ అకాడమీకి 1967లో శంకుస్థాపన జరిగింది, 1971 నుంచి శిక్షణ మొదలైంది. వీటి కోసం ఊళ్లు భూములిచ్చాయి. దానికి బదులుగా ఫ్యాక్టరీ గేటు తెరుచుకున్నది. ప్రభుత్వ రంగం కాబట్టి రిజర్వేషన్ ఉంది. జీతం నెలకోసారి చేతికి వచ్చేది. క్వార్టర్, దవాఖాన, పిల్లలకు బడి ఉండేవి. అన్నిటికీ మించి, ఒక దళితుడు దొర ముఖం చూడకుండా బతకగలిగిన చోటు అది. చుట్టుపక్కల ఊళ్లలో మొదటి తరం చదువుకున్న దళిత కుటుంబాలను తీసుకుని వెనక్కి పోయి చూడండి. చాలా ఇండ్లలో ఒక ఫ్యాక్టరీ టోకెనో, రైల్వే గ్యాంగ్‌మన్ ఉద్యోగమో, మున్సిపల్ చీపురో కనిపిస్తుంది.

1992లో ఐడీపీఎల్‌ను ఖాయిలా పరిశ్రమగా ప్రకటించారు. అదే దశకంలో ఈ పట్టీలో ప్రైవేటు మందుల కంపెనీలు పెరిగాయి. జీడిమెట్ల, బాచుపల్లి, బొల్లారం, గడ్డపోతారం, కాజిపల్లి. ఇవి గాలిలోంచి పుట్టలేదు. డాక్టర్ రెడ్డీస్ స్థాపకుడు అంజిరెడ్డి మొదట పనిచేసింది ఐడీపీఎల్‌లోనే. ప్రజల డబ్బుతో పెట్టిన ఫ్యాక్టరీలో తయారైన నైపుణ్యం ప్రైవేటు రంగానికి పునాది అయింది. దీంట్లో తప్పు పట్టటానికి ఏమీ లేదు, మందులు చౌకయ్యాయి, ఎగుమతులు పెరిగాయి. కానీ నైపుణ్యం ఒక గేటు దాటి ఇంకో గేటులోకి పోయింది గానీ రిజర్వేషన్ దాని వెంట పోలేదు. ప్రైవేటు ఫ్యాక్టరీలో దళితుడికి ఎక్కువగా దొరికింది కాంట్రాక్టు పని. డ్రమ్ములు మోసే పని, కడిగే పని, కావలి పని.

ఆ ఫ్యాక్టరీల మురికి నీళ్లు పోయింది వాగుల్లోకి, చెరువుల్లోకి. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. అటు శామీర్‌పేట దిక్కు జీనోమ్ వ్యాలీ, పెద్ద పెద్ద విద్యాసంస్థలు వచ్చాయి. దానికి దగ్గర్లోనే జవహర్‌నగర్‌లో హైదరాబాద్ మహానగరం చెత్తంతా గుట్ట పడింది. సంపద ఒక చోట పోగైతే దాని మురికి ఎక్కడ పోగవుతుందో, ఆ మురికిని ఎత్తేది ఎవరో మనకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

రింగు రోడ్డు వచ్చిన రోజు

భూమి ధరను మార్చింది ఔటర్ రింగు రోడ్డు. పొడవు 158 కిలోమీటర్లు. మొదటి భాగం 2008లో తెరిచారు. చివరి భాగం, మన మేడ్చల్ దిక్కున్న కండ్లకోయ దగ్గర, 2018లో పూర్తయింది. రోడ్డు గీత ఎటు పోతుందో ముందే తెలిసినవాడు కొన్నాడు, తెలియనివాడు అమ్మాడు. గీత తెలియటానికి కూడా కులం, చుట్టరికం, రాజధాని పరిచయాలు కావాలి.

ఈ రోడ్డు రాకముందే, 2004లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం ఒక గొప్ప తీర్పు ఇచ్చింది. రంగారెడ్డి జిల్లా చేవెళ్ల డివిజన్ నుంచి పోయిన కేసు అది. అప్పటిదాకా నడిచిన వాదన ఏమిటి? అసైన్డ్ భూమి సర్కారుదే, షరతు మీద ఇచ్చాం, ప్రజావసరానికి వెనక్కి తీసుకుంటే పట్టాదారుకు ఇచ్చినట్టు నష్టపరిహారం ఇయ్యనక్కర్లేదు. పక్క పక్కనే రెండు చేన్లు. ఒకటి పట్టా, ఒకటి అసైన్డ్. రెండింటి మీదుగా ఒకే పని కోసం సర్కారు పోతుంది. ఒకాయనకు మార్కెట్ ధర, ఇంకొకాయనకు దయాదాక్షిణ్యం. హైకోర్టు దీన్ని ఒప్పుకోలేదు. ఇది సమానత్వ హక్కుకు విరుద్ధం, అసైన్డ్ భూమి పేదకు కూడా పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలి అని చెప్పింది. అంటే 1958 నుంచి 2004 దాకా నలభై ఆరేండ్లు మన చేతిలో ఉన్న కాగితం పట్టానా, ఎరువు తెచ్చుకున్న చీటీనా అన్నది తేలనే లేదు. ఆ మధ్యలో ఎన్ని కాలనీలు, ఎన్ని పారిశ్రామిక వాడలు వచ్చాయో లెక్క వేసుకోండి.

తీర్పు వచ్చినంత మాత్రాన తోవ సాఫు కాలేదు. 1977 చట్టం ప్రకారం అక్రమంగా కొన్నవాడి నుంచి తీసుకున్న భూమి మళ్లీ పేదకే చేరాలి. 2007లో ఆ చట్టాన్ని సవరించి, ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాల్లో ఆ భూమిని ప్రజావసరాలకు వాడుకునే వీలు పెట్టుకున్నారు. 2006లో నివేదిక ఇచ్చిన కోనేరు రంగారావు భూ కమిటీ 104 సిఫారసులు చేసి, పేదల భూమి పేదలకే దక్కాలని గట్టిగా చెప్పింది. ఒక చేత్తో కమిటీ, ఇంకో చేత్తో సవరణ.

ఇక విలువ సంగతి. 2023లో ఔటర్ రింగు రోడ్డు టోల్ వసూలు హక్కును 30 ఏండ్లకు ఒక ప్రైవేటు కంపెనీకి 7,380 కోట్లకు లీజుకిచ్చారు. అదే ఏడాది ఆగస్టులో నగరానికి పడమరన కోకాపేటలో సర్కారు వేలం వేస్తే ఎకరం అత్యధికంగా 100 కోట్లు దాటి పలికింది. బౌరంపేట కోకాపేట కాదు, అంత ధర ఇక్కడ లేదు. కానీ ఆ వేలం ఒక నిజాన్ని బయట పెట్టింది. నగర శివారులో సర్కారు చేతిలో ఉన్న భూమి పేదకు ఇచ్చేటప్పుడు షరతుల భూమి. సర్కారే అమ్మేటప్పుడు అది బంగారం. 2014లో తెలంగాణ ప్రభుత్వం దళిత కుటుంబానికి మూడెకరాలు కొని ఇచ్చే పథకం ప్రకటించింది. ఎకరం కోట్లు పలికే పట్టీలో ఏ బడ్జెట్టు మూడెకరాలు కొనగలదు? భూమి చౌకగా ఉన్నప్పుడు పంచలేదు, పంచుదామన్నప్పుడు భూమి అందలేదు.

2018లో బౌరంపేట, మల్లంపేట, బహదూర్‌పల్లి వంటి ఊళ్లను కలిపి దుండిగల్ మున్సిపాలిటీ చేశారు. 2025 చివర దాన్ని కూడా గ్రేటర్ హైదరాబాద్‌లో విలీనం చేశారు. పంచాయతీ పోయింది. పంచాయతీతో పాటు వార్డు సభ్యుడిగా, సర్పంచ్‌గా దళితుడు కూర్చునే కుర్చీ పోయింది. 2005 చట్టం కింద నడిచిన ఉపాధి హామీ పని పల్లెలకే గనుక ఊరు పట్టణమైన రోజున జాబ్ కార్డు చెల్లలేదు. ఊరు పట్టణమైంది గానీ కూలి పట్టణ ఉద్యోగి కాలేదు.

శాతాలు చెప్పేది, చెప్పనిది

ఇప్పుడు లెక్కలకు వద్దాం. పేదరికం తగ్గలేదని మనం వాదించటం లేదు. టెండూల్కర్ కమిటీ పద్ధతిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పేదలు 1993-94లో 44.6 శాతం, 2011-12లో 9.2 శాతం. నీతి ఆయోగ్ బహుముఖ పేదరిక సూచీ ప్రకారం తెలంగాణలో 2015-16లో 13.18 శాతం, 2019-21లో 5.88 శాతం. ఇందులో నిజం ఉంది. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం, హాస్టళ్లు, పింఛన్లు, పెరిగిన కూలి రేట్లు, ఇవన్నీ ఆకలిని తగ్గించాయి. వాడలో రెండు పూటలా పొయ్యి వెలుగుతున్నది. ఆకలి ఎరిగినవాడు దీన్ని చిన్నచూపు చూడడు.

అయితే గీత ఎవరు గీశారన్నది కూడా చూడాలి. ప్రణాళికా సంఘం పాత పద్ధతిలో 1993-94లో మన రాష్ట్ర పల్లెల్లో పేదలు 15.92 శాతమే. 2009లో టెండూల్కర్ కమిటీ అదే ఏటి లెక్కలను కొత్త గీతతో కొలిస్తే 48.1 శాతం. మనుషులు వాళ్లే, సంవత్సరం అదే, తిన్న తిండి అదే. గీత కొంచెం జరిగితే మూడింతల మంది పేదలయ్యారు. ప్రపంచ బ్యాంకు కూడా 1990 నాటి రోజుకో డాలరు గీతను మార్చుకుంటూ వచ్చి 2025 జూన్‌లో మూడు డాలర్లకు తెచ్చింది.

ఇంకా ముఖ్యమైన సంగతి, ఈ గీతలన్నీ ఖర్చునూ వసతులనూ కొలుస్తాయి, ఆస్తిని కొలవవు. నీతి ఆయోగ్ సూచీ ఆస్తులని చెప్పేది కూడా సైకిలు, టీవీ, ఫోను వంటి సామాన్లనే. రెండెకరాల చెల్కను చౌకగా పోగొట్టుకుని, విల్లా గేటు దగ్గర కావలి ఉద్యోగంలో చేరి నెల జీతం తెచ్చుకునే మనిషి ఆ లెక్కలో పేదరికం నుంచి బయటపడ్డవాడు. ఆ రెండెకరాలు ఎకరాకు కోట్లు పలకటం ఏ సర్వే గడిలోనూ పడదు. పోయిన భూమిని పేదరికం లెక్క కొలవదు, ఉద్యోగాన్ని మాత్రం కొలుస్తుంది. అందుకే శాతం తగ్గుతున్న కొద్దీ అంతరం పెరుగుతుంది, రెండూ నిజమే అవుతాయి.

ఇతర దేశాల అనుభవం ఈ చిక్కును విప్పుతుంది. దక్షిణ కొరియా 1949-50లో భూస్వాముల భూమిని కౌలు రైతులకు పంచింది. కుటుంబానికి దాదాపు మూడు హెక్టార్ల పరిమితి పెట్టింది. తైవాన్ 1949లో కౌలును 37.5 శాతానికి దించి, 1953లో దున్నేవాడికి భూమి ఇచ్చింది. పరిశ్రమలు తర్వాత పెరిగాయి. పెరిగినప్పుడు పల్లె మనిషి చేతిలో భూమి ఉంది, పిల్లల్ని చదివించే శక్తి ఉంది. బ్రెజిల్‌లో 1968 నుంచి 1973 దాకా ఏటా పది శాతం దాకా పెరుగుదల ఉంది. దాన్ని అద్భుతమన్నారు. కానీ భూమి పెద్ద ఎస్టేట్ల చేతిలోనే ఉండిపోవటంతో అసమానతలు ఇంకా పెరిగాయి. పెరుగుదల రెండు చోట్లా ఉంది, తేడా వచ్చింది అంతకు ముందు భూమి పంచారా లేదా అన్న దగ్గర. మన దగ్గర 1973 భూసంస్కరణల చట్టం ఏమైందో తెలిసిందే. పైగా మన దగ్గర భూమి లేకపోవటానికి కులం అనే కట్టు ఉంది, అది కొరియాలో లేదు.

మనం అడగాల్సింది

దళితులు అభివృద్ధికి వ్యతిరేకులన్న నింద ఒకటుంది. అంబేడ్కర్ 1918లోనే చిన్న కమతాల మీద రాస్తూ, భూమి మీద పడ్డ జన భారాన్ని పరిశ్రమల వైపు మళ్లించాలని చెప్పాడు. 1947లో రాష్ట్రాలు-మైనారిటీలు అన్న పత్రంలో వ్యవసాయ భూమి రాజ్యానిదై ఉండాలని, కులమతాల తేడా లేకుండా ఊరివాళ్లకు సామూహిక సాగుకు ఇవ్వాలని, అంటరానివాళ్లకు వేరు ఆవాసాలు ఉండాలని ప్రతిపాదించాడు. పరిశ్రమ కావాలి, నగరం కావాలి, రోడ్డు కావాలి. ఊరు మనకెప్పుడూ స్వర్గం కాదు. ఊరు పోతున్నందుకు ఏడ్చే పని మనది కాదు. పోతున్న ఊరి విలువలో మన వాటా ఏదని అడిగే పని మనది.

ఇక్కడ మనలో మనకే ఒక చర్చ ఉంది. 2023లో ఆంధ్రప్రదేశ్ చట్టం సవరించి, ఇచ్చి 20 ఏండ్లు దాటిన అసైన్డ్ భూముల మీద పేదలకు పూర్తి హక్కులు ఇచ్చింది. తెలంగాణలో కూడా అట్లనే చేయాలని కొందరు అంటున్నారు. అమ్మే హక్కు వస్తే మిగిలిన భూమి కూడా నెలల్లో పోతుందని ఇంకొందరు భయపడుతున్నారు. రెండు మాటల్లోనూ పస ఉంది. నా ఉద్దేశంలో హక్కు లేకుండా కాపాడిన భూమి మనల్ని కాపాడలేదు. అట్లని ఒట్టి అమ్మే హక్కు ఇచ్చి ఊరుకున్నా అది కొనేవాడికే లాభం. భూమి పోతే ఇవ్వాల్సిన ధరలో, ఆ తర్వాత పెరిగే విలువలో, కట్టిన కట్టడంలో అసైనీ కుటుంబానికి చట్టబద్ధమైన వాటా ఉండాలి. అది పరిహారం కాదు, భాగస్వామ్యం.

దీనికి ముందు మన దగ్గర చరిత్ర ఉండాలి. పెరుగుదల రేటును ప్రభుత్వాలు రాసుకుంటాయి. పట్టా చరిత్రను మనమే రాసుకోవాలి. ఈ పత్రిక చదివే విద్యార్థులు, టీచర్లు, కార్యకర్తలు తమ తమ ఊళ్లలో ఈ పని మొదలుపెట్టవచ్చు. 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీయండి. అసైన్‌మెంట్ రిజిస్టర్ తీయండి. సమాచార హక్కు కింద అడగండి. ఏ సర్వే నెంబరు ఎవరికి ఇచ్చారు, ఏ ఏట చేతులు మారింది, ఇవాళ అక్కడ ఏముంది, ఈ మూడు గడులతో ఒక పట్టిక చాలు. ధరణి పోర్టల్ 2020లో వచ్చి, 2025లో భూభారతి చట్టం దాని స్థానంలోకి వచ్చింది. దస్తావేజులు కంప్యూటర్లకు ఎక్కుతున్న కొద్దీ పాత పహాణీలను అడిగేవాళ్లు తగ్గుతున్నారు. నీరడి ఇనాం ఎక్కడుండేదో, లావణి చెల్క గట్టు ఏదో చూపించగల ముసలివాళ్లు కూడా ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వాళ్లు ఉండగానే వాళ్లను వెంటబెట్టుకుని ఆ గేట్ల దాకా నడవండి. వాళ్లు చెప్పింది రాసుకోండి, పహాణీతో సరి చూసుకోండి.